సముద్రం తిన్న దూలం

కాకినాడ
17 జూన్ 2018

మామకు,

మెర్సీ వందనాలు. నాలుగుసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. ఐదోసారి విజేందర్ బావ ఎత్తి, “నాయిన ఉత్తరం రాయమంటుండు, ఫోన్ల మాట్లాడ అంటుండు” అని చెప్పి పెట్టేశాడు. నాకు అర్థమైంది మామా. నీ కొడుకును చేసుకోనని అమ్మతో చెప్పేసి, బట్టలు సర్దుకుని కాకినాడ బస్సెక్కాను కదా, ఆ కోపం నీకింకా పోలేదు. తిట్టాలనుంటే తిట్టు, కానీ రాసి తిట్టు. చదువుకుని కాసేపు ఏడ్చి మళ్ళీ రాస్తాను.

నా ఉద్యోగం ఏమిటని ఊళ్ళో అడిగితే “సముద్రంల కట్టెలు నానబెట్టుడు” అని అమ్మ చెబుతోందట. తప్పేమీ కాదు. ఏ చెక్కను సముద్రపు పురుగు ఎంత తింటుందో చూసే పరిశోధన ఇది. జానెడు చెక్క ముక్కలను ఇనుప చట్రానికి బిగించి, జెట్టీ మీద నుంచి నీళ్ళలోకి దించుతాం. కొన్నాళ్ళయ్యాక పైకి లాగి చూస్తాం. నేను చేరి మూడు వారాలే కనుక దించడమే తప్ప ఇంకా లాగింది లేదు. సాగర్ కాలువ తప్ప వేరే నీళ్ళు చూడనిదాన్ని, మొదటిరోజు జెట్టీ అంచున స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. మా స్నేహలత మేడం నవ్వి నా నడుముకు తాడు కట్టింది.

అసలు సంగతి చెప్పలేదు. ఇక్కడ పాతబడ్డ చెక్క బోట్లను విప్పి కర్ర అమ్మేస్తారు. బోటు అడుగున ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే మానుతో చేసిన పెద్ద కర్ర ఉంటుంది. ఇరవై నాలుగు అడుగులది ఒకటి చూశాను. తారు పూసి నల్లగా నిగనిగలాడుతోంది. మన ఊళ్ళో కడుతున్న ప్రార్థనా మందిరానికి నడిమి దూలం దొరకడం లేదని, ఇనుపది వేస్తే కోళ్ళఫారంలా ఉంటుందని నువ్వు చలికాలం నుంచీ సణుగుతున్నావు కదా. నా మొదటి జీతం ముందుగానే అడిగి తీసుకుని దాని మీదే పెట్టాను. హాలియా రైస్ మిల్లుకు ఖాళీగా తిరిగొస్తున్న లారీలో వేయించాను. డ్రైవరు పేరు నరేశ్, మంచివాడే, చాయ్ తాగించి పంపు. ఇరవై ఏళ్ళు సముద్రం మీద బోటును మోసిన కర్ర, మన రేకుల బరువు దానికో లెక్కా?

కోపం తగ్గితే రెండు ముక్కలు రాయి.

నీ మేనకోడలు
మెర్సీ

*

రాళ్ళగూడెం, హాలియా పోస్టు
8 జూలై 2018

బిడ్డ మెర్సీకి మామ సోమన్న రాసేది.

నీ ఉత్తరం అచ్చు పుస్తకం చదివినట్టే ఉన్నది. మూడు మాట్ల చదివిన. గంత చదువు చదివి మామకు రాసేటప్పుడన్న మన తీరుగ రాయొద్దా? నేనైతే నోటికొచ్చినట్టే రాస్త.

కోపం లేదు, ఏం లేదు. విజేందర్‌గాడు సుత నిన్ను చేసుకోనన్నడు, నీకు తెల్వదు గావచ్చు. వాడు హాలియాల ఆటో నడుపుకుంట ఎవలనో చూసుకున్నడు, ఆ పిల్ల పేరు మనస్విని అట. మీ ఇద్దరి నడుమ నేనే పిచ్చోన్నైన. ఫోనంటే నాకు పడదు, గంతే. ఫోన్ల మాట గాలికి పోతది. ఉత్తరమైతే బైబిల్ల పెట్టుకుని మళ్ళ చదువుకుంట. రాస్తనే ఉండు.

దూలం వచ్చింది బిడ్డా! ఎనిమిది మందిమి మోకులేసి దించినం. దించి గడియసేపు కాలె, ఐలేశం మేకలన్ని వచ్చి నాకుడు మొదలువెట్టినయ్. ఉప్పు కమ్మగున్నట్టుంది, కొట్టినా పోతలేవు. ఐలేశం నవ్వుకుంట, “మీ దేవుని దూలానికి నా మేకలు ముందుగాల మొక్కుతున్నయ్ సోమన్నా” అన్నడట. ముసలి పుల్లమ్మ వేలుతోని రుద్ది నాలిక మీద పెట్టుకున్నది. నేను సుత పెట్టుకున్న, నీ కాడ అబద్ధమెందుకు.

గోడలు లేసినయ్. వాసాలకు వేపకట్టె కోయిస్తున్నం. డిసెంబర్ల రెండో ఆదివారం ప్రతిష్ఠ అని పాస్టరు జాషువా అయ్యగారు పెట్టిండు. మీ అమ్మ బిక్షమ్మ పాటలోళ్ళకు పెద్ద గద, నడిమి దూలం కిందనే చాప ఏస్తదట. మందిరం కాకముందే జాగా పట్టుకున్నది నా చెల్లె. నువ్వు ప్రతిష్ఠకు తప్పకుండ రావాలె. దూలం నువ్విచ్చిందని అందరికి చెప్పిన. చెప్పినకాడల్ల రొమ్ము జర ముందుకొస్తున్నది.

నీళ్ళ దగ్గర పైలం. తాడు ఇప్పకు.

మామ
సోమన్న

*

కాకినాడ
19 ఆగస్టు 2018

మామకు,

బావ సంగతి చదివి గంటసేపు నవ్వాను. నవ్వాక మనసులో ముల్లు పోయిందనుకున్నాను. కానీ మొన్న మళ్ళీ ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. సరే, ఆ మాట మళ్ళీ మాట్లాడుకుందాం. ఇవాళ రాసేది దూలం గురించి. పూర్తిగా చదువు, నడుమ లేచి పోకు.

మేం దించిన చెక్కలు ఈ వారం పైకి లాగాం. పైన నత్తగుల్లలు, పాచి పట్టి ఉంటే చాకుతో గీకాను. కింద చెక్క శుభ్రంగా ఉంది. అక్కడక్కడా గుండుసూది పొడిచినంత బొక్కలు, అంతే. “ఏమీ కాలేదు మేడం” అన్నాను. ఆమె రంపం నా చేతికిచ్చింది. రెండు ముక్కలు చేసి చూశాను మామా. లోపల చెక్కే లేదు. చూపుడువేలు పట్టేటంత సొరంగాలు, ఒకదాని పక్కన ఒకటి. ఒక్కొక్క దాని గోడకు తెల్లగా సున్నం పూత. పైన మాత్రం గోరంత మందాన అట్టపెట్టె మూతలా చెక్క మిగిలింది.

దాన్ని పురుగంటాం కానీ నిజానికి అది ఆలిచిప్ప జాతిది. దాని చిప్పలు రెండూ తల దగ్గర చిన్నవై ఆకురాయిలా పనిచేస్తాయి. పసిగుడ్డుగా సూదిబొక్కలోంచి లోపలికి పోయి, తింటూ పెరుగుతుంది. లోపల మూరెడు పొడుగైనా బయటి బొక్క పెరగదు. అందుకే ఎవరికీ తెలియదు. మాకు దొరికిన రకం ఈ తీరానిది కాదని, ఎక్కడి నుంచో ఓడల అడుగున చేరి వచ్చి ఇక్కడ స్థిరపడిందని మేడం అనుమానం. వచ్చాక బోట్లు త్వరగా పాడవుతున్నాయని జాలర్లు అంటున్నారు.

ఆ మాట వినగానే మన దూలం గుర్తొచ్చింది. భయపడకు, ఉప్పునీళ్ళు లేకపోతే పురుగు బతకదు. మీ దగ్గరికి వచ్చేసరికే చచ్చి ఉంటుంది. మన తలుపులకు అంటుకోదు. అది చచ్చినా తిన్న కట్టె తిరిగి రాదు కదా, నా భయం అదీ. దూలాన్ని పైకి ఎక్కించకముందు తారు గీకి చూడు. సూదిబొక్కలుంటే సుత్తెతో ఈ చివర నుంచి ఆ చివరదాకా కొట్టు. లోపల డొల్లయితే బోలుగా పలుకుతుందట.

నీకు నేను చెప్పాలా! క్వారీలో బండ మోగిన తీరు విని, “జరగండి, ఇది విరుగుతది” అని నువ్వు కేకేస్తే పక్కకు ఉరికిన ఏడుగురిలో మా నాయిన అంజయ్య ఒకడు. ఆనాడు నీ చెవి లేకపోతే నేను తండ్రి లేని పిల్లనయ్యేదాన్ని. అందుకే ఇక్కడి మిషన్ల కన్నా నీ చెవి మీద నాకు నమ్మకం. నువ్వు కొట్టి మంచిదంటే మంచిదే. డొల్లంటే పొయ్యిలో పెట్టండి, నేనేమీ అనుకోను.

వెంటనే బదులు రాయి.

మెర్సీ

*

రాళ్ళగూడెం
23 సెప్టెంబర్ 2018

బిడ్డ మెర్సీకి,

నీ ఉత్తరం జాషువా అయ్యగారు మందిరం కాడ అందరికి చదివిండు. గదే తప్పైంది. పురుగు అనంగనే ఊరు ఊరంత పరేషాన్. పురుగు చచ్చిందని నువ్వు రాసిన ముక్క ఎవలు పట్టించుకోలె. మీ అమ్మ అయిదు లీటర్ల కిరోసిన్ తెచ్చి దూలానికి తానం చేపిచ్చింది. ఐలేశం మేకలు ఇప్పుడు దాని దిక్కు చూస్తలేవు, ఆ మేలొక్కటి అయ్యింది.

పై దేశంకెళ్ళి వచ్చిన పురుగు అని రాసినవు. నవ్వొచ్చింది. పుట్టిన జాగాల తిండి లేక పని దొరికిన కాడికి పోయి బతికేది పురుగొక్కటేనా? మన పక్క పాలమూరోళ్ళు దేశమంత తిరిగి కాలువలు తవ్వలేదా? నువ్వు సుత పోయినవు గద. కాకపోతే మనం పోయిన కాడ కట్టినం, అది పోయిన కాడ తింటున్నది.

ఇగ దూలం. నువ్వు చెప్పినట్టే తారు గీకినం. సూదిబొక్కలున్నయ్, లేవనను. సుత్తె తీస్కున్న, ఈ కొసకెళ్ళి ఆ కొసదాంక కొట్టిన. మంచిగ ఉన్నది. ఏం ఫికర్ చెయ్యకు. పోయిన గురువారం ఎక్కిచ్చినం, ఇరువై మంది పట్టిన్రు. నడుమ జర వంపున్నదని పుల్లమ్మ అన్నదట, ముసలిదానికి కండ్లు సరిగ కనబడయ్. రేకులు వచ్చే నెల ఏస్తం.

ఊర్ల ఎలక్షన్ల లొల్లి మొదలైంది. జెండాలు కట్టనీకి మా మందిరం గోడే దొరికింది అందరికి. తరిమికొట్టిన.

నువ్వు మంచిగ తింటున్నవా? చేపలు ఎక్కువ తినకు, ఏడి చేస్తది.

మామ
సోమన్న

*

కాకినాడ
14 అక్టోబర్ 2018

మామకు,

“మంచిగ ఉన్నది” అన్న నీ మాట చదివి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మరునాడు మేడంకు చూపించాను. ఆమె పెదవి విరిచింది. “చెవితో చెప్పలేం మెర్సీ, బెజ్జం వేసి లోపలి పొట్టు తీసి చూడాలి” అంది. నాకు రోషం వచ్చింది. “మా మామ చెవి మీకు తెలియదు మేడం” అన్నాను. నీ కథంతా చెప్పాను, ఏడుగురి సంగతి కూడా. ఆమె విని, “అంతటి మనిషైతే సరే” అంది. నీ గురించి చెబుతుంటే ఇక్కడ నేనూ రొమ్ము ముందుకు తెచ్చాను.

ప్రతిష్ఠకు సెలవు దొరికింది. డిసెంబర్ ఏడున బయల్దేరతాను. అమ్మ పక్కనే, దూలం కిందే కూర్చుంటాను. నేను కొన్న దూలం కింద నేను కూర్చోకపోతే ఎలా?

ఇప్పుడు మనసులో మాట. మొన్న రెండో తారీఖు నా పుట్టినరోజు. మామ ఇవాళైనా ఎత్తుతాడని ఫోన్ చేశాను. ఎత్తావు. “మామా, నేను మెర్సీని” అన్నాను. నువ్వు “ఎవరు?” అన్నావు. “మెర్సీని మామా, ఇవాళ నా పుట్టినరోజు” అని గట్టిగా చెప్పాను. మళ్ళీ “ఎవరు, ఎవరు” అని పెట్టేశావు. నా గొంతు గుర్తుపట్టలేదా? నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషివి. నడక రాకముందు నీ భుజం మీదే కదా నేను పెరిగింది.

ఉత్తరంలో కోపం లేదంటావు. ఫోన్‌లో పరాయిదానిలా చేస్తావు. ఏది నమ్మాలి? బావను కాదన్నందుకే కాదేమో, ఊరు విడిచి వచ్చినందుకేమో, చదువుకుని పుస్తకంలా రాస్తున్నందుకేమో అని ఏవేవో అనుకుంటున్నాను. జెట్టీ మీద పనిచేస్తూ కూడా ఇదే ఆలోచన. మొన్న ముడి సరిగా వేయక ఒక చట్రం సముద్రంలో పోగొట్టాను. మేడం తిట్టలేదు, అదే ఇంకా బాధ.

నేనేం తప్పు చేశానో ఒక్కసారి చెప్పు మామా. మానుకుంటాను.

మెర్సీ

*

రాళ్ళగూడెం
4 నవంబర్ 2018

బిడ్డా,

నువ్వు ఏ తప్పు చెయ్యలె. తప్పు నాది. ఇది ఎవలకు చదివి వినిపియ్యకు.

నాకు వినబడది. జర తక్కువ కాదు, మొత్తమే వినబడది. రెండేండ్లాయె. ముందుగాల ఎడమది పోయింది, ఆరు నెలలకు కుడిది. ఇరువై ఎనిమిదేండ్లు బండకు బొక్కలేసే కంప్రెషర్ మిషను చెవుల పక్కన పెట్టుకున్నోనికి ఇంకేమైతది. నీ పుట్టినరోజు నాడు ఫోను మీద నీ పేరు కనబడ్డది. పాణం ఆగక ఎత్తిన. ఎత్తినంక ఏమనాల్నో తెల్వక “ఎవరు” అన్న. ఫోను చెవికి పెట్టుకుని ఏడ్చిన, నువ్వు అవతల మాట్లాడుతున్నవో లేదో సుత తెల్వదు. నీ గొంతు మరుస్తనా బిడ్డా? ఇప్పుడు నా తలకాయల ఉన్న గొంతులల్ల నీది ఒకటి.

ఎట్ల దాచినవు అంటవు. దాచుడు పెద్ద పని కాదు. ఎవలన్న మాట్లాడితే వాళ్ళ మూతి చూస్త. నవ్వితే నవ్వుత. మందిరంల అందరు లేస్తే లేస్త, కూసుంటే కూసుంట. ఎక్కువ నేనే మాట్లాడ్త, అవతలోళ్ళకు సందియ్య. సోమన్నకు నోరెక్కువైంది అనుకుంటరు, అనుకోనీ. నువ్వు హాస్టల్ల చదువుకుంట పండుగలకు వచ్చిపోయినవు, నీకెట్ల తెలుస్తది. విజేందర్‌గానికి ఒక్కనికే తెలుసు, వాని తోని ఒట్టు పెట్టిచ్చుకున్న.

దూలం సంగతి చెప్త. ఆనాడు విజేందర్ కిరాయికి నల్లగొండ పోయిండు. ముప్పై మంది దూలం చుట్టు నిలబడ్డరు. నేను సుత్తె తీస్కుని కొట్టిన. చెయ్యి లేస్తున్నది, దిగుతున్నది, చెవులకు ఏమొస్తలేదు. అరచేతికి అదురు తెలుస్తది గాని, బండ అదురు నాకు ఎరుక, కట్టె అదురు ఎరుక లేదు. ఆఖరి దెబ్బ కొట్టి తల ఎత్తితే అందరు నా మొఖమే చూస్తున్నరు. క్వారీల చూసినట్టే చూస్తున్నరు. మీ నాయిన సుత ఉన్నడు. ఏం చెయ్యాలె? తల ఊపిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. చేతులు కదిలితే చప్పట్లే అనుకున్న.

చెప్తే ఏమైతదో నాకు ఎరుకే. నెలకు నాలుగైదు దినాలు ఇప్పటికీ క్వారీకి బండ చూడనీకి తీస్కపోతరు. చెయ్యి పెట్టి, పగుళ్ళు చూసి, అందాజ మీద చెప్పొస్తున్న. నా చెవి మీదనే నాకింత బువ్వ, ఇంత ఇజ్జత్. ఆ చెవే లేదంటే నేను ఎవలకు పనికొస్త? చెప్పకపోతే నా చెల్లె ఆ దూలం కింద కూసుంటది. నువ్వు పక్కన కూసుంటవట. నీ ఉత్తరంల ఆ ముక్క చదివినప్పటికెళ్ళి ముద్ద దిగుతలేదు. రేకులు ఏసినం. ఎండకు రేకు సాగుతదేమో, దూలం ఏమన్న చప్పుడు చేస్తున్నదేమో, అందరికి వినబడి నాకు వినబడుతలేదేమో అని రోజూ పోయి కింద నిలబడి చూస్తున్న.

ఏం చెయ్యాల్నో నువ్వు చెప్పు. నేను నీ కంటె పెద్దోన్నే గాని, నాకు సమజ్ అయితలేదు.

సోమన్న

*

కాకినాడ
10 నవంబర్ 2018

మామా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. జెట్టీ మీదే కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

ముందు కోపం రాస్తాను. ఆ దూలం కింద రోజూ నిలబడుతున్నావా? బుద్ధుందా నీకు? నువ్వు పనికిరావని ఎవరన్నారు? నీ చెవి కోసమే నేను నిన్ను మామా అని పిలుస్తున్నానా?

ఇప్పుడు నా తప్పు. తారు నిగనిగ చూసి బలమనుకుని కొన్నది నేను. పురుగు సంగతి తెలిశాక దించేయమని గట్టిగా చెప్పాల్సింది పోయి, “నీ చెవి మీద నమ్మకం” అని రాసి నిన్ను సుత్తె పట్టించిందీ నేనే. మేడం బెజ్జం వేసి చూడమంటే రోషపడి ఆమె నోరు మూయించిందీ నేనే. ఇన్ని చేసి, ఫోన్ ఎత్తలేదని నీ మీద అలిగాను.

ఇది పోస్టులో వేసేలోపే విజేందర్ బావకు ఫోన్ చేశాను. మందిరానికి తాళం వేసి, ఎవరినీ లోపలికి పోనీయొద్దని చెప్పాను. సున్నం తడి ఆరలేదని చెప్పమన్నాను. బావ ఎందుకని ఒక్కసారే అడిగాడు, నేను చెప్పలేదు. తర్వాత “సరే, తాళం చెవి నా జేబులనే ఉంటది” అన్నాడు.

నీ సంగతి ఊరికి చెప్పాల్సింది మాత్రం నేను కాదు. నువ్వే చెప్పు. మాటలు దొరక్కపోతే కాగితం మీద రాసి జాషువా అయ్యగారి చేతికి ఇవ్వు. ఇరవై ఐదో తారీఖు ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ చెప్పకపోతే బస్సెక్కి వచ్చి నేనే చెబుతాను, అప్పుడు నా మీద నీకు నిజంగానే కోపం వస్తుంది. రానీ. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, అమ్మ ఆ దూలం కింద కూర్చోకూడదు.

అది మంచి కర్రే కావచ్చు కూడా. అయినా తెలియని దాని కింద మనుషులను కూర్చోబెట్టలేం.

మామా, నీకు వినబడకపోతే నేను నీకు రాస్తూ ఉంటాను. నాకేం బరువు కాదు.

మెర్సీ

*

రాళ్ళగూడెం
2 డిసెంబర్ 2018

బిడ్డ మెర్సీకి మామ రాసేది.

నువ్వు బస్సెక్కే పని లేదు. చెప్పిన.

పద్దెనిమిదో తారీఖు ఆదివారం ప్రార్థన బయట చెట్ల కింద పెట్టిన్రు, మందిరానికి తాళమున్నది గద. ఆఖరుకు నేను లేసిన. చెయ్యి ఎత్తి, “నాకు చెవులు వినబడయ్. రెండేండ్లాయె. దూలం మంచిదని నేను చెప్పింది అబద్ధం” అన్న. ఎంత గట్టిగ అన్ననో నాకు తెల్వదు. ఎవల ఒళ్ళోనో పసిపోరడు ఉలికిపడి ఏడ్వవట్టిండు, అందుకే గట్టిగనే అన్ననేమో. తిడతరు, లేకుంటె అయ్యో అంటరు అనుకున్న. ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. విజేందర్‌గాడు లేసి, ఖాళీ సిమెంటు సంచి చింపి, బొగ్గుముక్కతోని రాసి నా ముందట పెట్టిండు. “అందరికి తెలుసు నాయినా.”

తెలుసట బిడ్డా! మీ నాయినకు తెలుసు, అయ్యగారికి తెలుసు, మేకల ఐలేశంకు సుత తెలుసు. ఏడాది కిందనే ఎరుకైందట. నేను చిన్నబుచ్చుకుంటనని ఎవలు బయటపడలె. నేను మూతి చూస్తనని తెలిసి నా ముందటికొచ్చి మెల్లగ మాట్లాడేటోళ్ళట. నేను మస్తు హుషారని అనుకున్న గద, ఊరంత కలిసి నన్ను మోసిన్రు.

నాకు సిగ్గు పోయి కోపమొచ్చింది. “మరి దూలం ఎట్ల ఎక్కనిచ్చిన్రు? చెవిటోడు కొట్టి చెప్తే చప్పట్లు కొడ్తరా?” అని ఎగిరిన. మీ నాయిన సంచి తీస్కుని రాసిండు, వాని రాత నీకు ఎరుకే, కోళ్ళు కెలికినట్టు. “చేతితోని తెలుస్తదేమో అనుకున్నం. నీకు తెల్వదని ఎట్ల అంటం.” ఏడ్వాల్నో నవ్వాల్నో అర్థం కాలె. నేను వాళ్ళ కోసం దాసిన, వాళ్ళు నా కోసం దాసిన్రు, నడుమ మీ అమ్మ నెత్తి మీద దూలం.

మర్నాడు రేకులిప్పి దూలం దించినం. నడుమకు రంపం పెట్టినం. పైన రెండు వేళ్ళ మందం మంచిగనే ఉన్నది. దాటినంక రంపానికి పట్టే లేదు, మెత్తగ దిగింది. నువ్వు రాసినట్టే ఉన్నది, సున్నం గొట్టాలు, తెల్లగ, ఒకదాని మీద ఒకటి. నా చెయ్యి మణికట్టు దాంక పోయింది. మీ అమ్మ తను చాపేస్తనన్న జాగా దిక్కు చూసి అక్కడ్నే కూలబడ్డది. లేసినంక నా దగ్గరికొచ్చి రెండు చెంపలు వాయించింది, అన్నను అని సుత చూడలె. మంచిపనే చేసింది.

నువ్వు నీ తప్పు నీ తప్పు అని రాయకు. కొన్నది నువ్వు, ఎక్కిచ్చింది నేను, ఊకున్నది వాళ్ళు.

క్వారీకి సుత పోయి చెప్పొచ్చిన. ఆడ మేస్త్రి మూతి తిప్పుకున్నడు. ఇంక పిలువరు. బాధైతున్నది, కాలేదనను. కాని ఆడ బండ కింద పనిచేసేటోళ్ళు నా మాట మీద ఎన్ని దినాలు బతికిన్రో రోజూ లెక్కపెట్టుకుంటున్న. ఏం కాలె, దేవుని దయ. విజేందర్ నల్లగొండ పెద్దదవాఖానకు తీస్కపోయిండు, మిషను పెట్టినా ఎక్కువ వినబడదన్నరు.

ప్రతిష్ఠ ఈస్టరుకు జరిపినం. పొడుగు దూలం మాట ఇడిసిపెట్టినం. నడుమ నాలుగు రాతి కడీలు నిలబెట్టి వాటి మీద పొట్టి కట్టెలు ఏద్దామని అయ్యగారు అన్నడు. రాతి కడీలంటే మళ్ళ అందరు నా దిక్కే చూసిన్రు. నేను రాను అన్న. వినలె, గుంజుకపోయిన్రు.

నిన్న గుట్ట కాడికి పోయినం, పదిహేను మందిమి. ఒక కడీ చూసిన. నున్నగ, సాపుగ, పగులు లేదు. నేను కొట్టిన, మీరు వినున్రి అన్న. కొట్టి తల ఎత్తితే అందరు తలకాయలు ఊపుతున్నరు, మంచిగున్నది, మంచిగున్నది అని. అయ్యగారు ఊపిండు, మీ నాయిన ఊపిండు. అలవాటు ఎట్ల పోతది. నా పాణం ఉసూరుమన్నది.

పుల్లమ్మ ఒక్కతే ఊపలె. క్వారీల నా ఎంబడి ఇరువై ఏండ్లు కంకర కొట్టిన ముసలిది. అందరిని తోసుకుంట వచ్చి నా ముందట నిలబడ్డది. నా గదుమ పట్టుకుని మొఖం తన దిక్కు తిప్పుకున్నది. నోరు మంచిగ తెరిచి ఒక్కొక్క మాట అన్నది, “ఇది పగిలింది సోమన్నా. మోగుతలేదు. వద్దు.”

నా రాయిని వద్దన్నోళ్ళు ఈ ఊర్ల ఇప్పటిదాంక ఎవలు లేరు బిడ్డా. సుత్తె ఆమె చేతిల పెట్టిన. “నువ్వే కొట్టు” అన్న. జర బెదిరింది, కొంగు దోపుకున్నది, కొట్టుడు మొదలువెట్టింది. తల నిలువుగ ఊపితే ఒక దిక్కు, అడ్డంగ ఊపితే ఒక దిక్కు, గడ్డపారతోని నేను రాళ్ళు జరుపుకుంట పోయిన. పొద్దుగూకే దాంక చేసినం. నాలుగు కడీలు దొరికినయ్. రెండేండ్లాయె బిడ్డా నేను భయం లేకుండ పనిచెయ్యక. నిన్న చేసిన.

మామ
సోమన్న